ఖంగుమనే చక్రం

పిల్లలూ, సంతలో కుండలు కొనేవాళ్ళను మీరెప్పుడైనా గమనించారా? మొన్న మా పెదబయలు సంతలో ఒక అవ్వ కుండ కొంటుంటే నేను నిలబడి చూశాను. ఆవిడ ముందుగా ధర అడగలేదు. కుండను ఎడమచేతి మీద పెట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో మొట్టింది. కుండ బొదబొదమన్నది. చూడటానికి దానిలో ఏ లోపమూ లేదు. అయినా ఆవిడ దాన్ని పక్కన పెట్టేసి ఇంకొకటి తీసుకున్నది. అది ఖంగుమన్నది. కొంచెం తిప్పి మరొకచోట మొట్టింది. అక్కడా ఖంగుమన్నది. అప్పుడుగాని బేరానికి దిగలేదు!

సంత దాటి నాలుగడుగులు వేస్తే ఇనప గేట్లూ, కిటికీ ఊచలూ చేసే కొట్టు ఒకటి ఉన్నది. ఆ కొట్టు నడిపేవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడే. నేను వెళ్ళేసరికి అతను బూడిదరంగు రాతిచక్రం ఒకటి వేలికి తగిలించుకుని, స్క్రూడ్రైవరు చెక్కపిడితో మెల్లిగా తట్టుతున్నాడు. అది కూడా ఖంగుమన్నది.

"ఏరా నాయనా, కుండల వ్యాపారం కూడా మొదలుపెట్టావా?" అన్నాను.

అతను నవ్వి, "ఇదీ కుండే, మేష్టారూ. కాని ఈ కుండ పగిలితే నీళ్ళు పోవు, మనుషులు పోతారు," అన్నాడు.

ఆ మాట అంటూ అతను నా వైపు తిరిగాడు. అతని ఎడమకంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ ఉన్నది. ఆ కంటితో అతనికి వెలుతురూ చీకటీ తప్ప మరేమీ తెలియవు. ఆ మచ్చ ఎలా వచ్చిందో చెప్పేముందు ఈ చక్రం సంగతి కొంచెం తెలుసుకుందాం.

రాయి కాని రాయి

కత్తులకూ కొడవళ్ళకూ పదును పెట్టటాన్ని సాన పట్టటం అంటారు. మీ తాతగారు సానరాయి మీద నీళ్ళు చల్లి కొడవలి నూరటం మీరు చూసే ఉంటారు. అది కొండలో దొరికిన రాయి. కొట్టులో మిషనుకు బిగించి తిప్పే చక్రం మాత్రం కొండలో దొరకదు. చాలా గట్టివైన చిన్న చిన్న పలుకులను జిగురుతో అతికించి దాన్ని తయారు చేస్తారు. ఒక్కొక్క పలుకూ ఒక చిన్న ఉలి అనుకోండి. చక్రం తిరిగేటప్పుడు వేలకొద్దీ ఉలులు వరసగా వచ్చి ఇనుమును గీకిపోతాయి.

ఇనుమును గీకాలంటే ఇనుముకంటే గట్టి పదార్థం కావాలి. అటువంటి గట్టి పదార్థాలు మన తూర్పు కనుమలలోనే ఉన్నాయి. ఈ కొండల రాయిని ఖోండలైటు అంటారు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి ఖోండు జాతివారి పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టాడు. ఆ రాతిని విరిచి చూస్తే లోపల ఎర్రటి గింజలు కనబడతాయి. వాటి పేరు గార్నెట్. వానలు కొండలను కడగగా, ఆ గింజలు నదుల వెంట సముద్రం చేరుతాయి. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలో ఎర్రటి చారలు కనబడేది అందుకే. గరుకు కాగితం తయారీలో గార్నెట్‌ను వాడతారు.

గార్నెట్‌కంటే గట్టిది కొరండం. వజ్రాన్ని 10గా పెట్టి ఖనిజాల గట్టితనాన్ని కొలిచే లెక్క ఒకటి ఉన్నది. అందులో కొరండం 9. ఈ కొరండం అన్న ఇంగ్లీషు మాట ఎక్కడినుంచి వెళ్ళిందో తెలుసా? మన దక్షిణ దేశం నుంచే! మనం కురువిందం అంటాం, తమిళులు కురుందం అంటారు. పూర్వం మన దేశంలో రత్నాలకు మెరుగు పెట్టేవాళ్ళు కురువిందం పొడిని కరిగించిన లక్కలో కలిపి చక్రాలు చేసుకునేవారు. అంటే పలుకూ జిగురూ కలిపి చక్రం చేసే విద్య మనకు కొత్త కాదన్నమాట.

1891లో అమెరికాలో ఎచిసన్ అనే ఆయన బంకమట్టినీ, బొగ్గునుంచి తీసిన కోకునూ కలిపి, వాటిలోకి బలమైన విద్యుత్తును పంపించాడు. చల్లారిన తరువాత చూస్తే, మిలమిల మెరిసే నల్లని పలుకులు కనిపించాయి. అవి కొరండంకంటే కూడా గట్టివి! ఆయన వాటికి కార్బొరండం అని పేరు పెట్టాడు. చూశారా, అందులోనూ మన మాటే ఉన్నది! బాక్సైటు రాతిని విద్యుత్ కొలిమిలో కరిగించి కొరండాన్ని కూడా ఇప్పుడు తయారు చేస్తున్నారు. ఆ బాక్సైటు మన అనంతగిరి, చింతపల్లి కొండల మీదా ఉన్నది. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ అనే కంపెనీ ఏర్పడింది. సానచక్రాలు చేయటం దాని ముఖ్యమైన పని.

బల్లమీద బిగించే మందపాటి చక్రాల తయారీ ఇంకా తమాషాగా ఉంటుంది. పలుకులను మట్టితో కలిపి, అచ్చు పోసి, ఆరబెట్టి, బట్టీలో సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అచ్చంగా కుమ్మరి కుండను కాల్చినట్టే! నా శిష్యుడు "ఇదీ కుండే" అన్నది వేళాకోళానికి కాదు. బీట వారిన కుండ మోగనట్టే బీట వారిన చక్రమూ మోగదు. కంటికి కనబడని బీటను చెవి పట్టుకుంటుంది.

చక్రం ఎంత జోరుగా తిరుగుతుంది?

ఇక లెక్క చేద్దాం. పలకా బలపం తీసుకోండి.

చేత్తో పట్టుకుని ఇనుము కోసే మిషను ఒకటి ఉన్నది. దానికి 5 అంగుళాల పలుచటి చక్రం, అంటే 125 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల బిళ్ళ, బిగిస్తారు. అది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. బిళ్ళ అంచు చుట్టుకొలత సుమారు 39 సెంటీమీటర్లు. దాన్ని 11,000తో గుణిస్తే నిమిషానికి 4,300 మీటర్లు వస్తుంది. గంటకు చెప్పాలంటే సుమారు 260 కిలోమీటర్లు! మన దేశంలోని ఎక్స్‌ప్రెస్ రైళ్ళకన్నా ఎక్కువ జోరుతో ఆ అంచు మీ నాన్నగారి ముఖానికి మూరెడు దూరంలో తిరుగుతున్నదన్నమాట.

అంత జోరుగా తిరిగేటప్పుడు చక్రంలోని ప్రతి పలుకూ బయటికి ఎగిరిపోవాలని చూస్తుంది. జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ జిగురుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును కంపెనీవాళ్ళు బిళ్ళమీదే అచ్చు వేస్తారు. 5 అంగుళాల బిళ్ళమీద 12,200 అనీ, 7 అంగుళాల బిళ్ళమీద 8,500 అనీ ఉంటుంది. నిమిషానికి అంతకు మించి తిప్పరాదని దాని అర్థం.

పెద్ద బిళ్ళకు చిన్న అంకె ఎందుకు? చుట్టుకొలత పెద్దది గనక, తక్కువ చుట్లతోనే దాని అంచు అంత జోరు అందుకుంటుంది. ఇప్పుడు 7 అంగుళాల బిళ్ళను తెచ్చి 11,000 చుట్లు తిరిగే చిన్న మిషనుకు బిగించామనుకోండి. దాని అంచు గంటకు సుమారు 370 కిలోమీటర్ల జోరుతో పోతుంది. దాని హద్దు 288 మాత్రమే! మరొక సంగతి: జోరు రెట్టింపయితే బిళ్ళను చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కన మన పెద్ద బిళ్ళమీద పడే బలం, పడవలసిన దానికంటే మూడింట రెండువంతులు అదనం.

నా శిష్యుడికి జరిగింది ఇదే.

అతని కథ

పదో తరగతి పాసయిన తరువాత అతను కొన్నాళ్ళు ఇంటి దగ్గర పోడు పనిలో ఉండి, పందొమ్మిదో ఏట పట్నం వెళ్ళి ఒక గేట్ల కొట్టులో చేరాడు. చిన్న బిళ్ళతో లావుపాటి గొట్టం తెగటం లేదని, అక్కడివాళ్ళు చిన్న మిషనుకే పెద్ద బిళ్ళ బిగించేవారట. మిషనుకు ఉన్న ఇనప కవచం అడ్డం వస్తుంటే దాన్ని ఊడదీసి మూల పడేశారు. కొత్తగా వచ్చిన కుర్రవాడికి "ఇక్కడ నొక్కు, అక్కడ కొయ్యి" అని మాత్రం చెప్పారు. బిళ్ళమీద అంకె ఉంటుందనిగాని, దాన్ని చదవాలనిగాని ఎవరూ చెప్పలేదు.

"నాకు లెక్కలు వచ్చు గదా, మేష్టారూ! 8,500 ఎక్కువా, 11,000 ఎక్కువా అని అడిగితే చెప్పలేనా? అడిగినవాళ్ళే లేరు," అన్నాడు అతను.

మూడోరోజున బిళ్ళ మూడు ముక్కలయింది. ఒక ముక్క రేకు కప్పులోకి దూసుకుపోయింది. మరొకటి గోడకు తగిలింది. మూడోది అతని కనుబొమ్మను చీల్చి కంటిలో గుచ్చుకున్నది. ఎవరో తడిగుడ్డతో రుద్దారు. మరెవరో నలుసు తీయబోయారు. ఆస్పత్రికి వెళ్ళేసరికి మరునాడు మధ్యాహ్నమయింది.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కంటిలో ఏదైనా గుచ్చుకుంటే రుద్దరాదు, నొక్కరాదు, లాగరాదు. శుభ్రమైన చిన్న గిన్నెనో, కాగితం కప్పునో కంటికి తగలకుండా అడ్డంగా పెట్టి కట్టి, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

అతను ఆ తరువాత ఊరికి తిరిగివచ్చి ఊరుకోలేదు. ఐ.టి.ఐ.లో చేరి రెండేళ్ళు ఫిట్టరు పని నేర్చుకున్నాడు. మన దేశంలో ఇటువంటి పనివాళ్ళ శిక్షణ పథకం 1950లో మొదలయింది. అక్కడ మొదటి వారమంతా మిషను ఆపటమూ, చక్రాన్ని పరీక్షించటమూ నేర్పారట. "ఈ వారం రోజుల చదువు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండు కళ్ళతో చదువుకునేవాణ్ణి," అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ప్రతి నియమానికీ ఒక కారణం

ఇప్పుడు అతని కొట్టులో ఇద్దరు కుర్రవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ 18 ఏళ్ళు దాటాయి. అంతకన్న చిన్నవాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది. ఏ నియమం చెప్పినా అతను దాని కారణం కూడా చెబుతాడు. కారణం తెలియని నియమాన్ని మనిషి ఎవరూ చూడనప్పుడు వదిలేస్తాడు గదా!

చక్రం బిగించేముందు మిషను తీగను ప్లగ్గునుంచి ఊడదీయాలి. చెయ్యి పొరపాటున స్విచ్చికి తగిలినా మిషను తిరగదు.

మందపాటి రాతిచక్రాన్ని పొడిగా తుడిచి, వేలికి తగిలించి, చెక్కపిడితో నాలుగైదు చోట్ల తట్టాలి. ఖంగుమంటేనే బిగించాలి. పలుచటి కోతబిళ్ళలు మాత్రం ఇలా మోగవు. వాటిలో పలుకులను అతికించేది రెసిన్ అనే జిగురు. వాటిని కంటితో చూడాలి. అంచు చిట్లినా, వంగినా, తడిసినా పారెయ్యాలి. బిళ్ళ నడుమ ఉండే ఇనప కట్టుమీద నెలా సంవత్సరమూ అచ్చు వేసి ఉంటాయి. అది దాని ఆయుష్షు. మా పెదబయలులో వానాకాలమంతా ఇంట్లోకి మంచు దిగుతుంది, బట్టలు ఆరవు. ఆ తేమకు రెసిన్ బలం తగ్గుతుంది. అందుకని అతను బిళ్ళలను మూత బిగువుగా ఉండే డబ్బాలో దాస్తాడు.

బల్లమీది చక్రానికి రెండువైపులా అట్టబిళ్ళలు పెట్టి, వాటిమీద ఇనపబిళ్ళలు వేసి మర బిగించాలి. అట్ట మెత్తగా ఉండటంవల్ల ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది. బలమున్నది కదా అని మరను మితిమీరి బిగిస్తే చక్రానికి బీట పడుతుంది.

ఇనుమును ఆనించే పీటకూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించరాదు. సందు ఎక్కువయితే ఇనుము అందులోకి దిగి ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే చక్రం బద్దలవుతుంది. చక్రం అరిగినకొద్దీ పీటను దగ్గరకు జరుపుతూ ఉండాలి.

కొత్తగా బిగించిన చక్రాన్ని ఒక నిమిషం ఉత్తినే తిప్పాలి. ఆ నిమిషం దానికి ఎదురుగా ఎవరూ ఉండరాదు, పక్కకు నిలబడాలి. ఎందుకో మీరే పరీక్ష చేసి చూడండి. వానలో తడిసిన గొడుగును ఆరుబయట పట్టుకుని గిర్రున తిప్పండి. నీటిచుక్కలు గొడుగు అంచును ఎక్కడ వదిలాయో, అక్కడినుంచి అంచు పోతున్న దిక్కుగానే తిన్నగా పోతాయి. పగిలిన చక్రపు ముక్కలూ అంతే. అవి చక్రం తిరిగే వరసలోనే ఎగురుతాయి. ఆ వరసలో లేనివాడికి ముప్పు తక్కువ. ఆ వరసకు అడ్డంగా ఉండేదే ఇనప కవచం. దాన్ని ఊడదీసినవాడు గొడుగు పారేసి వానలో నిలబడినవాడి వంటివాడు!

కోతబిళ్ళను పక్కవాటుగా ఆనించి నూరరాదు. కాగితం అంచుతో వేలు తెగుతుంది గాని, అదే కాగితాన్ని పక్కనుంచి నొక్కితే వంగిపోతుంది. బిళ్ళా అంతే. వంగితే విరుగుతుంది.

కళ్ళజోడు ప్రక్కలు కూడా మూసుకుని ఉండాలి. వదులు చొక్కా, తువ్వాలు, విరబోసిన జుట్టు చక్రం దగ్గరకు రారాదు. నిప్పురవ్వలు పడేచోట గడ్డీ, పెట్రోలూ ఉండరాదు. ఆ రవ్వలు రాతివి కావు, ఇనుమువే. చక్రం గీకిన ఇనప పొట్టు ఎర్రగా కాలి, గాలిలో మండుతూ పోతుంది. అందుకే అది గడ్డి ఇంటిని అంటించగలదు.

కనబడని శత్రువు

ముక్క ఎగిరితే కనబడుతుంది. దుమ్ము అలా కాదు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో కత్తులూ ఫోర్కులూ నూరేవాళ్ళు పూర్వం ఇసుకరాతి చక్రాలు వాడేవారు. నీళ్ళు లేకుండా పొడిగా నూరేవాళ్ళు ముప్పైయో ఏడు రాకముందే, లేదా ఆ కాస్త తరువాతనే చనిపోయేవారని 1830లో నైట్ అనే డాక్టరు రాశాడు. రాతిలోని సిలికా దుమ్ము వాళ్ళ ఊపిరితిత్తులను గట్టిపరిచేసింది.

అంత దూరం ఎందుకు? మీరు లెక్క చేసిన బలపం సంగతే చూడండి. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలను మిషన్లతో కోసే పనివాళ్ళు ఎందరో ఈ దుమ్మువల్లనే సిలికోసిస్ జబ్బు పాలయ్యారు. ఇల్లు కట్టేచోట గ్రానైటు రాయీ, టైల్సూ కోసేటప్పుడు లేచే తెల్లదుమ్ములోనూ సిలికా ఉంటుంది. నీళ్ళతో కోసేందుకు ప్రత్యేకంగా చేసిన మిషను వాడితే దుమ్ము చాలావరకు తగ్గుతుంది. మామూలు తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. దానికి తగిన మాస్కు కావాలి. పిల్లలు ఆ చుట్టుపక్కల ఆడుకోరాదు.

చట్టం ఏమన్నది?

మన దేశంలో 1948లో ఫ్యాక్టరీల చట్టం చేసినప్పుడు, దాని 30వ సెక్షనులో ఈ చక్రాల సంగతి ప్రత్యేకంగా రాశారు. చక్రం ఎంత జోరు వరకు తిరగవచ్చునో మిషను దగ్గర రాసి అతికించాలన్నారు. 35వ సెక్షనులో కళ్ళను కాపాడాలన్నారు. బ్రిటనులో 1970లో చేసిన నిబంధనలు, శిక్షణ పొందినవాడు తప్ప మరొకడు చక్రం బిగించరాదన్నాయి.

ఇవన్నీ పెద్ద ఫ్యాక్టరీలకు. సందుచివర ఉండే చిన్న కొట్టుకూ, పండక్కి గేటు బాగుచేసుకునే మన ఇంటికీ ఇన్‌స్పెక్టరు రాడు. అక్కడ ఆ కాగితం మనమే అతికించుకోవాలి. నా శిష్యుడు అతికించాడు. గోడమీద పెద్ద అక్షరాలతో, "మిషను అంకె బిళ్ళ అంకెను మించరాదు" అని రాసి ఉన్నది. దాని కింద ఒక మేకుకు అయిదు కళ్ళజోళ్ళు వేళ్ళాడుతున్నాయి.

"మీరున్నది ముగ్గురే గదరా, అయిదెందుకు?" అని అడిగాను.

"చూడటానికి వచ్చేవాళ్ళకూ కళ్ళుంటాయి గదా, మేష్టారూ," అని ఒకటి తీసి నా చేతికిచ్చాడు.

పిల్లలూ, ఈ మిషన్లు మీరు ముట్టుకునేవి కావు. కాని మీకు అంకెలు చదవటం వచ్చు. ఇంట్లో నాన్నగారో, బాబాయిగారో, అన్నయ్యో మిషను తీసినప్పుడు దూరంగా నిలబడి రెండు అంకెలూ చదివి వినిపించమని అడగండి. కవచం ఉన్నదా అని అడగండి. కళ్ళజోడు మీరే తెచ్చి ఇవ్వండి. పెద్దలారా, పిల్లలు అడిగితే విసుక్కోకండి. ఆ పట్నపు కొట్టులో అలా అడిగేవాళ్ళు ఒక్కరున్నా ఒక కన్ను మిగిలేది.

నేను కొట్టునుంచి బయలుదేరేటప్పుడు చిన్నకుర్రవాడు కొత్త చక్రం ఒకటి చేతికి తీసుకున్నాడు. మేం ముగ్గురమూ మాట్లాడకుండా ఆగిపోయాం. అతను వేలికి తగిలించి, చెవి ఒగ్గి, పిడితో తట్టాడు.

ఖంగుమన్నది. అప్పుడు బిగించాడు.